బాలింతకు పాలు సమృద్ధిగా ఉండాలంటే: తొలి గంట నుంచి పాలు మాన్పించే దాకా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో ఏ ప్రసూతి వార్డుకు వెళ్ళినా, కాన్పయిన మర్నాడు తరచుగా చెవిన పడే మాట ఒకటుంది: "ఇంకా పాలు పడలేదు." ఆ మాట పుట్టిన కాసేపటికే ఎవరో ఒకరు మందుల దుకాణానికి వెళ్ళి పాలపొడి డబ్బా తెస్తారు. వారి ఉద్దేశం మంచిదే. పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఎవరి తరమూ కాదు. అయితే మన ఇళ్ళలో పాలు చాలక డబ్బా పట్టడం కన్నా, డబ్బా పట్టడం వల్ల పాలు చాలకపోవడమే ఎక్కువగా జరుగుతున్నదని నా అభిప్రాయం. అలా ఎందుకు జరుగుతుందో, జరగకుండా ఏ దశలో ఏం చేయాలో వరుసగా చూద్దాం.

పాలు ఊరే తీరు

గర్భం నాలుగైదు నెలలు దాటేసరికే రొమ్ములో ముర్రుపాలు తయారవడం మొదలవుతుంది. కాన్పయి మాయ బయటపడగానే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఒక్కసారిగా తగ్గి, ప్రొలాక్టిన్ అనే హార్మోను పనిలోకి దిగుతుంది. అందువల్ల రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య రొమ్ములు బరువెక్కి పాలు ధారాళంగా వస్తాయి. తొలి కాన్పయినవారిలో, ఆపరేషన్ అయినవారిలో, మధుమేహం ఉన్నవారిలో, కాన్పులో రక్తం ఎక్కువగా పోయినవారిలో ఇది ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అంతవరకు వచ్చే ముర్రుపాలు చూపుకు కొద్దిగానే ఉంటాయి కానీ, తొలి రోజున బిడ్డ ఒక్కో విడతకు తాగేది కూడా ఒక చెంచాడు, మహా అయితే రెండు చెంచాలే. రెండో రోజున రొమ్ము మెత్తగా ఉందంటే అది లోపం కాదు, అప్పటికి ఉండవలసిన స్థితే అది.

ఆ తరువాత పాల మోతాదును నిర్ణయించేది ప్రధానంగా బిడ్డ తాగడమే. బిడ్డ చీకిన ప్రతిసారీ ప్రొలాక్టిన్ పెరిగి తరువాతి విడతకు పాలు తయారవుతాయి. అదే సమయంలో ఆక్సిటోసిన్ అనే మరో హార్మోను పాలను చేపుకు తెస్తుంది. నిండుగా ఉండిపోయిన రొమ్ములో తయారీ మందగిస్తుంది, ఖాళీ అయిన రొమ్ములో వేగం అందుకుంటుంది. వాగులో తీసిన చెలమ తోడేకొద్దీ ఊరినట్టే ఇదీను. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ నాలుగైదు గంటలు పడుకుంటే ఆ నాలుగైదు గంటలూ రొమ్ము నిండుగానే ఉండి "ఇక్కడ ఇంత అవసరం లేదు" అన్న సంకేతం అందుకుంటుంది. మర్నాటికి పాలు నిజంగానే తగ్గుతాయి. ఇంకో డబ్బా వస్తుంది.

కాన్పుకు ముందే చేసుకోవలసిన ఏర్పాటు, తొలి గంట

బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ముకు పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2019–20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అలా గంటలోపు పాలు అందిన పిల్లలు సుమారు 37 శాతమే. అదే సర్వేలో రాష్ట్రంలోని కాన్పుల్లో 60 శాతానికి పైగా ఆపరేషన్లేనని తేలింది. ఈ రెండు అంకెలకూ సంబంధం లేదనుకోవడం కష్టం. అయితే ఆపరేషన్ తొలి గంటకు అడ్డంకి కానక్కరలేదు. వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు తల్లి మెలకువగానే ఉంటుంది కాబట్టి, తల్లీబిడ్డలు ఇద్దరి పరిస్థితీ బాగుంటే ఆపరేషన్ గదిలోనో, బయటికి తెచ్చిన వెంటనేనో బిడ్డను ఒట్టి ఛాతీ మీద అడ్డంగా పడుకోబెట్టవచ్చు. తల ఎత్తవద్దని చెప్పినా ఇది సాధ్యమే, పక్కన ఒక మనిషి బిడ్డను పట్టుకుని ఉంటే చాలు. ఈ సంగతి ఎనిమిదో నెలలోనే డాక్టరుతో, నర్సుతో మాట్లాడి పెట్టుకోవాలి. నొప్పులు మొదలయ్యాక మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. ఆపరేషన్ తరువాత మామూలుగా ఇచ్చే పారాసిటమాల్ వంటి నొప్పి మందులు, యాంటీబయాటిక్‌లలో చాలావరకు పాలివ్వడానికి ఆటంకం కావు. బాలింతనని ముందే చెబితే డాక్టరు తగినవే రాస్తారు.

ఈ గంటలోనే ఇంటి పెద్దలతో ఒక చిన్న పేచీ వస్తుంది. తేనె నాకించాలని ఒకరు, చక్కెర నీళ్ళు పట్టాలని ఒకరు, కడుపు శుభ్రపడుతుందని ఆముదం పట్టాలని మరొకరు అంటారు. వీధుల్లోకి వచ్చే గాడిద పాలకూ మన దగ్గర గిరాకీ ఉంది. ఇవేవీ వద్దు. తేనెలో ఉండగల, బాట్యులిజం అనే విషజబ్బును తెచ్చే బీజాలు ఏడాది లోపు పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. గాడిద పాలు కాచకుండా పట్టడం వల్ల విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంది. కడుపు శుభ్రపరిచే పని ముర్రుపాలు చేస్తాయి. పుట్టిన బిడ్డ నల్లని మలం త్వరగా పోవడానికి అవి తోడ్పడతాయి. పెద్దలకు ఎదురు చెప్పడం కష్టమైన ఇంట్లో ఈ మాటను నర్సు చేత చెప్పించడం మేలు.

రొమ్ము పట్టించే పద్ధతి

ఈ మొత్తం విషయంలో ఒక్కటే నేర్చుకోవడానికి వ్యవధి ఉంటే ఇది నేర్చుకోవాలి. చనుమొనలు పగలడం, బిడ్డ ఎంతసేపు తాగినా తృప్తిపడకపోవడం, పాలు తగ్గడం, ఈ మూడింటికీ మూలం చాలాసార్లు పట్టించే తీరులోనే ఉంటుంది.

ముందుగా తల్లి కుదురుగా కూర్చోవాలి. వీపుకు దిండు, పాదాల కింద పీట ఉండాలి. తల్లి బిడ్డ మీదికి వంగకుండా బిడ్డను తన దగ్గరికి తెచ్చుకోవాలి. బిడ్డ తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండి, పొట్ట తల్లి పొట్టకు ఆనుకోవాలి. మెడ ఒక పక్కకు తిరిగి ఉంటే పెద్దవాళ్ళకైనా మింగుడు పడదు. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పట్టుకుని, చనుమొనతో పైపెదవిని మెల్లగా తాకించాలి. ఆవులించినంతగా నోరు తెరిచే దాకా ఆగాలి. ఈ ఆగడమే చాలామందికి చేతకాదు. కొంచెం తెరవగానే దూరుస్తారు, అప్పుడు చనుమొన ఒక్కటే చిగుళ్ళ మధ్య పడి నలుగుతుంది. నోరు బాగా తెరిచిన క్షణంలో భుజాల వెనుక నుంచి బిడ్డను చటుక్కున దగ్గరికి తీసుకోవాలి. తల వెనుక చేయి పెట్టి నెట్టకూడదు, నెట్టితే బిడ్డ వెనక్కి విరుచుకుంటుంది.

సరిగా పట్టుకున్న బిడ్డను పక్క నుంచి చూస్తే గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది, కింది పెదవి బయటికి మడిచి ఉంటుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం బిడ్డ పైపెదవి వైపు ఎక్కువగానూ కింద తక్కువగానూ కనిపిస్తుంది. బుగ్గలు లోపలికి గుంటపడవు. మొదట గబగబా చీకి, పాలు చేపుకు రాగానే నెమ్మదించి, ఒకటి రెండు చీకులకు ఒక గుటక చొప్పున మింగుతుంది. ఆ గుటక చప్పుడు రాత్రి నిశ్శబ్దంలో స్పష్టంగా వినిపిస్తుంది. మొదటి అర నిమిషం కొంచెం లాగినట్టుండవచ్చు కానీ, ఆ తరువాత కూడా నొప్పి పుడుతుంటే పట్టు సరిగా లేదన్నమాట. అప్పుడు శుభ్రమైన చిటికెన వేలిని బిడ్డ పెదవి మూల నుంచి లోపలికి జొనిపి పట్టు విడిపించి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఆపరేషన్ అయినవారు కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని ఇవ్వవచ్చు. లేదా బిడ్డను చంక కింద నుంచి, కాళ్ళు తల్లి వీపు వైపు ఉండేలా పట్టుకుని ఇవ్వవచ్చు. పడుకుని ఇచ్చేటప్పుడు తల్లికి నిద్ర పట్టే అవకాశం ఉంటే పక్కన ఎవరైనా మేలుకుని ఉండటం అవసరం.

ఎన్నిసార్లు, ఎంతసేపు

తొలి వారాల్లో 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. గడియారం చూసి ఇవ్వవలసిన పని లేదు. బిడ్డ చేతిని నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం, నాలుక చప్పరించడం ఆకలికి గుర్తులు. ఏడుపు చివరి గుర్తు, ఏడ్చే బిడ్డ సరిగా పట్టుకోదు కూడా. ఒక రొమ్ము తనంతట తాను వదిలేదాకా ఇచ్చి, తరువాత రెండోది చూపాలి. తరువాతి విడతను రెండోదానితో మొదలుపెట్టాలి. విడత చివర వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి పది నిమిషాలకే తీసి మార్చడం మంచిది కాదు. రాత్రివేళ ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది. బాలింత నిద్రపోవాలని రాత్రంతా బిడ్డను అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టి సీసా పట్టే పద్ధతి ప్రేమతో చేసేదే అయినా, తొలి ఆరు వారాల్లో పాలను దెబ్బతీసేది ముఖ్యంగా అదే. అమ్మమ్మ ఆ సాయం పగలు చేయవచ్చు.

మన స్నానం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేశాక బిడ్డ నాలుగు గంటలు ఒళ్ళు తెలియకుండా పడుకుంటుంది. అందరూ సంతోషిస్తారు కానీ బరువు సరిగా పెరగని బిడ్డకు అది ఒక విడత పోవడమే. స్నానానికి కొంచెం ముందు ఒకసారి పాలిచ్చి, పడుకున్న తరువాత మూడు గంటలు దాటకుండా లేపి మళ్ళీ ఇవ్వాలి. ముక్కులో నూనె పోయడం, పసిబిడ్డ రొమ్ములు పిండడం, గదినిండా పొగ పెట్టడం పూర్తిగా మానుకోవాలి.

పాలు చాలుతున్నాయని తెలిసేది ఎలా

రొమ్ము మెత్తబడటం, పిండితే చుక్క రాకపోవడం, బిడ్డ సాయంత్రం పూట ఊరికే ఏడవడం, గంట గంటకూ అడగడం, వీటిలో ఏదీ పాలు తక్కువని రుజువు కాదు. సుమారు ఆరు వారాలకు రొమ్ములు మెత్తబడటం సహజం. రెండు మూడు వారాలప్పుడు, ఆరో వారంలో, మూడో నెలలో బిడ్డ హఠాత్తుగా ఎక్కువసార్లు అడుగుతుంది. అడిగినంతా ఇస్తే రెండు మూడు రోజుల్లో తయారీ ఆ మేరకు పెరుగుతుంది.

నమ్మవలసింది మూత్రాన్ని, మలాన్ని, బరువును. తొలి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు ఇలా పెరుగుతూ, ఐదారు రోజుల నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు లేత రంగు మూత్రం పోయాలి. నల్లని మలం మూడో రోజుకు ఆకుపచ్చబడి, ఐదో రోజుకు పసుపు రంగుకు రావాలి. పుట్టినప్పటి బరువులో 7 శాతం దాకా తొలి రోజుల్లో తగ్గడం మామూలే. 10 శాతం తగ్గితే డాక్టరు చూడాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువు తిరిగి రావాలి, అక్కడి నుంచి మూడు నెలల దాకా రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బరువు తూయించి, పుస్తకంలో రాయించుకోవాలి. చాలా ఇళ్ళలో తల్లీబిడ్డలు తల్లిగారింట్లో ఉండటంతో ఆ ఊరి ఆశా కార్యకర్తకు సంగతి తెలియదు. వెళ్ళిన మర్నాడే ఆమెకు కబురు పెట్టాలి.

బిడ్డ మగతగా ఉండి లేపినా తాగకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, పసిరికలు (కామెర్లు) అరచేతులకూ అరికాళ్ళకూ దిగినా ఇంటి వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మామూలు పసిరికలకు పాలు ఆపకూడదు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి.

నిజంగా తక్కువైనప్పుడు

బరువు నిజంగానే పెరగకపోతే మొదట పట్టును ఎవరైనా తెలిసిన నర్సు చేత చూపించుకోవాలి. తరువాత బిడ్డను రోజులో వీలైనంతసేపు ఒట్టి ఛాతీ మీద పెట్టుకుని, రెండు గంటలకోసారి ఇస్తూ, బిడ్డ తాగుతూ తాగుతూ కునుకు తీస్తుంటే రొమ్మును చేతితో మెల్లగా అదిమి పట్టి పాలు అందించాలి. ప్రతి విడత తరువాత పది పదిహేను నిమిషాలు చేత్తోనో పంపుతోనో పాలు తీయాలి. పిండే పద్ధతి ఇది: చేతులు సబ్బుతో కడుక్కుని, బొటనవేలిని నల్లని వలయం అంచున పైనా, చూపుడు వేలిని కిందా పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, ఆపైన రెండు వేళ్ళనూ దగ్గరికి తెచ్చి వదలాలి. వేళ్ళు చర్మం మీద జారకూడదు. మొదట ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోయినా ఆపకుండా చేస్తే చుక్కలుగా మొదలై ధార కడుతుంది. వేడినీళ్ళలో మరిగించిన స్టీలు గ్లాసులో పట్టిన ఆ పాలను ఉగ్గుగిన్నెతో పట్టాలి. సీసా పీకకు అలవాటు పడిన కొందరు పిల్లలు రొమ్మును తిరస్కరిస్తారు. డాక్టరు పైపాలు తప్పవంటే వాటినీ ఉగ్గుగిన్నెతోనే, చెప్పిన కొలతలోనే, రొమ్ము ఇచ్చిన తరువాతే పట్టాలి; ఆకలితో ఉన్న బిడ్డకు పైపాలు కూడా ఇవ్వకుండా పంతం పట్టడం సరికాదు.

ఇవన్నీ వారం పాటు చేసినా మార్పు లేకపోతే తల్లికి పరీక్షలు అవసరం. థైరాయిడ్ లోపం, తీవ్రమైన రక్తహీనత, గర్భాశయంలో మాయ ముక్క మిగలడం, పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య, గతంలో రొమ్ముకు జరిగిన ఆపరేషన్ పాలను తగ్గించగలవు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, కొన్ని జలుబు మందులు కూడా తగ్గిస్తాయి. పాలు పెంచే మాత్రలను పక్కింటివారి చీటీ చూసి కొనవద్దు, డొంపెరిడోన్ వంటివి కొందరిలో గుండె లయను దెబ్బతీస్తాయి. శతావరి పొడి, మెంతులు కొందరికి పనికివచ్చినట్టే అనిపిస్తాయి కానీ తరచుగా పట్టించడానికి అవి ప్రత్యామ్నాయం కావు.

బాలింత భోజనం

తొలి ఆరు నెలల్లో పాలిచ్చే తల్లికి రోజుకు 600 కిలో కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. రెండు జొన్నరొట్టెలు, ఒక గుడ్డు, గ్లాసెడు పాలు, గుప్పెడు పల్లీలు అదనంగా తింటే దాదాపు ఆ మేరకు అవుతుంది. దానికి బదులు మన బాలింతలకు దొరికేది ఎల్లిగడ్డ కారం, బీరకాయ కూర, పొడి అన్నం. పప్పు తింటే బిడ్డకు వాయువని, పెరుగుతో జలుబని, నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని కట్టడి. ఎల్లిగడ్డ మంచిదే, తిననివ్వండి. కట్టడి మాత్రం వద్దు. దాహమైనంత నీళ్ళు తాగాలి, పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ పక్కన ఒక చెంబు ఉండాలి. పప్పు, ఆకుకూరలు, గుడ్లు, మాంసం, పెరుగు అన్నీ తినవచ్చు. అంగన్‌వాడీ కేంద్రంలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద పాలిచ్చే తల్లులకు కూడా ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. కాన్పు తరువాత 180 రోజుల పాటు ఐరన్, కాల్షియం మాత్రలు ఆపకూడదు. బిడ్డకు విటమిన్ డి చుక్కలు డాక్టరు చెప్పిన మోతాదులో వేయాలి.

మే నెలలో వరంగల్ ఎండ 43 డిగ్రీలు దాటినా ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్ళు పట్టనవసరం లేదు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. ఎండాకాలంలో ఇంకో రెండుసార్లు ఎక్కువ ఇవ్వాలి, తల్లి నీళ్ళు ఎక్కువ తాగాలి.

రొమ్ము ఇబ్బందులు

చనుమొన పగిలితే పట్టు సరిచేసి, విడత చివరి పాలను రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వాలి, సబ్బు వాడకూడదు. రొమ్ములు రాయిలా గట్టిపడితే వలయం చుట్టూ వేళ్ళతో నిమిషం పాటు లోపలికి అదిమి మెత్తబరిచి బిడ్డకు పట్టించి, తరువాత చల్లని గుడ్డ వేయాలి. గట్టిగా పిసికి మర్దన చేయడం వల్ల వాపు పెరుగుతుంది. ఒకచోట ఎర్రబడి, నొప్పితో, చలిజ్వరం వస్తే అది రొమ్ము వాపు; 24 గంటల్లో తగ్గకపోతే యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. ఆ రొమ్ము నుంచి కూడా పాలివ్వడం ఆపకూడదు. తల్లికి రెండు వారాలు దాటినా దిగులు, ఏడుపు, బిడ్డ మీద విముఖత తగ్గకపోతే దాన్ని గాలి, ధూళి అనుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

పనికి వెళ్ళే తల్లులు

2017లో జరిగిన చట్ట సవరణ జీతంతో కూడిన ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. అయితే మిరప తోటలో కూలికి పోయే తల్లికి, బీడీలు చుట్టే తల్లికి ఆ సెలవు అక్కరకు రాదు. మిరపకాయలు ఏరిన చేతుల ఘాటు ఒక్కసారి కడిగితే పోదు. ముందు నూనె రుద్ది, తరువాత సబ్బుతో కడుక్కుని, రవిక మార్చుకుని బిడ్డను ఎత్తుకోవాలి. పత్తి చేనులో మందు కొట్టే రోజుల్లో పాలిచ్చే తల్లి ఆ పనికి పోకపోవడమే మంచిది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంట్లోనే బీడీలు చుట్టేవారు బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని చుట్టడం కనిపిస్తుంది. పొగాకు ధూళి బిడ్డ ఊపిరిలోకి వెళుతుంది. చాట వేరే గదిలో పెట్టుకుని, పాలివ్వబోయే ముందు చేతులు, ఛాతీ కడుక్కోవాలి.

పాలు పిండి పెట్టి వెళ్ళేవారు సెలవు ముగియడానికి రెండు వారాల ముందు నుంచే ఉదయపు విడత తరువాత తీయడం అలవాటు చేసుకోవాలి. మామూలు గది వేడిలో నాలుగు గంటలు నిలవ ఉంటాయి. మన ఎండాకాలంలో బయట పెట్టనేకూడదు. ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టాలి, తలుపు అరలో కాదు. కరెంటు పోతూ వస్తూ ఉండే ఇంట్లో 24 గంటల్లోపు వాడేయడం క్షేమం. తాగించే ముందు గిన్నెను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేయాలే తప్ప పొయ్యి మీద కాచకూడదు. పనిచోట మూడు గంటలకోసారి పిండకపోతే రెండు వారాల్లోనే పాలు తగ్గుతాయి.

ఆరు నెలల తరువాత

ఆరు నెలలు నిండగానే మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు, గుడ్డు మొదలుపెట్టి, పాలను రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించవచ్చు. మాన్పించాలనుకున్నప్పుడు రొమ్ముకు వేపాకు ముద్ద రాసి ఒక్కరోజులో మాన్పించే పద్ధతి తల్లికి గడ్డలనూ బిడ్డకు బెంగనూ తెస్తుంది. ముందు మధ్యాహ్నపు విడత ఆపి, నాలుగైదు రోజులు ఆగి మరొకటి ఆపాలి. రాత్రి పడుకునే ముందు ఇచ్చేదాన్ని అన్నిటికన్నా చివర ఆపాలి.